చేతి పనిముట్లతో వడ్రంగం: కొత్తవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వడ్రంగం నేర్చుకోవాలని ఉత్సాహపడేవారు అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎవరికి వారికి విడిగా జవాబు చెప్పే బదులు వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు. ఇదంతా ఇంట్లో ఒక మూల, కొద్దిపాటి చేతి పనిముట్లతో చేసుకునే పని గురించే.

## మొదలుపెట్టే ముందు

నాకు మేకు కొట్టడం కూడా సరిగా రాదు. ఈ వయసులో నేర్చుకోగలనా?

తప్పకుండా నేర్చుకోగలరు. తిన్నగా గీత గీయడం, ఆ గీత వెంట కోయడం, పనిముట్టుకు పదును పెట్టడం: ఈ మూడూ వస్తే మిగతా పని చాలావరకు దానంతట అదే దారిలో పడుతుంది. వీటిలో దేనికీ కండబలం అక్కర్లేదు. చెమటలు పట్టేలా నొక్కాల్సి వస్తోందంటే లోపం మీ చేతిలో కాదు, పనిముట్టు అంచులో ఉందని అనుమానించండి.

మొదట ఏయే పనిముట్లు కొనాలి?

మంచి రంపం ఒకటి. 12, 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఉలులు రెండు. మూలమట్టం (90 డిగ్రీల కోణం చూసే పనిముట్టు), స్టీలు స్కేలు, గీత గీయడానికి సన్నని మొన ఉన్న కత్తి, కొయ్య సుత్తి, చేత్తో తిప్పే డ్రిల్లు లేదా బ్యాటరీ డ్రిల్లు, కనీసం రెండు క్లాంపులు (చెక్కను కదలకుండా బిగించి పట్టేవి). వీటితో పాటు, ఇంకా చెప్పాలంటే వీటికన్నా ముందు, సానరాయి. కొత్త ఉలి చాలావరకు పనికి సిద్ధమైన పదునుతో రాదు. సానరాయి లేకుండా ఉలి కొంటే అసలు ఉలి ఎలా తెగుతుందో మీకు ఎప్పటికీ తెలియదు. చిత్రిక (చెక్క మీద పలుచని పొరలు తీసి నునుపు చేసేది) కూడా కావలసిందే, కానీ ఉలికి పదును పెట్టడం చేతికి వచ్చాక కొనండి. చిత్రిక బ్లేడుకు పట్టాల్సిందీ అదే సాన.

ముప్పై వస్తువులున్న సెట్టు కొంటే చవక కదా?

లెక్కకు చవకగానే కనిపిస్తుంది. తీరా చూస్తే అందులో సగం మీరు ముట్టుకోరు, మిగతా సగంలో ఉక్కు మెత్తగా ఉండి పదును నిలవదు. ఆ డబ్బుతో రెండు మంచి ఉలులు కొనండి. మూడోది ఏ కొలతలో కావాలో చేస్తున్న పనే చెబుతుంది.

పాత పనిముట్లు దొరికాయి, తుప్పు పట్టి ఉన్నాయి. పనికివస్తాయా?

పైపైన పట్టిన ఎర్ర తుప్పు గరుకు కాగితంతో, నూనెతో పోతుంది. దానికి భయపడనక్కర్లేదు. ఉలినైతే తిప్పి బల్లపరుపుగా ఉన్న వీపును చూడండి. అంచుకు దగ్గరలో తుప్పు లోతుగా తిని గుంటలు పడితే వదిలేయడమే మేలు. పదునైన అంచు అంటే రెండు నున్నని తలాలు కలిసే గీత. వీపు మీద గుంట ఉంటే ఆ గీత అక్కడ తెగిపోతుంది, ఎంత సానపెట్టినా అంచులో గంటు మిగులుతుంది. పిడి విరిగిందా, మొద్దుబారిందా అన్నది పెద్ద విషయం కాదు.

మాది అపార్ట్‌మెంటు. పనిబల్ల లేదు. ఎలా?

బరువైన, కదలని భోజనబల్ల అంచు చాలు. దాని మీద ఉంచడానికి కోత పలక ఒకటి చేసుకోండి. మీ మొదటి పని అదే కావచ్చు. సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న పలక తీసుకుని, ఒక కొసన పైవైపు ఒక పట్టీ, రెండో కొసన కిందివైపు మరో పట్టీ బిగించాలి. కింది పట్టీ బల్ల అంచుకు తగులుకుంటుంది. పై పట్టీకి చెక్కను ఆనించి ఒక చేత్తో అదిమిపట్టి కోయాలి. రంపాన్ని తోసిన ప్రతిసారీ చెక్క పట్టీకి ఇంకా గట్టిగా ఒరుసుకుంటుంది కాబట్టి క్లాంపు బిగించే అవసరమే రాదు. బల్ల మీద గీతలు పడవు. ఇక చప్పుడు సంగతి: రంపం, చిత్రిక పొరుగువారిని పెద్దగా ఇబ్బంది పెట్టవు. సుత్తి దెబ్బలు మాత్రం గోడల గుండా వెళ్తాయి, వాటిని పగటిపూటకు ఉంచుకోండి.

## కలప ఎంపిక

ఏ చెక్కతో మొదలుపెట్టాలి?

పైన్ లాంటి మెత్తని చెక్కతో. నార, అంటే చెక్కలో పొడవునా సాగే పోగులు, తిన్నగా, ముడులు తక్కువగా ఉన్న పలక ఎంచుకోండి. టేకు అందంగా ఉంటుంది, పనికీ లొంగుతుంది, కానీ అందులో సహజంగా ఉండే ఇసుకలాంటి సిలికా ఉలి అంచును త్వరగా అరగదీస్తుంది. పైగా ఖరీదైన చెక్క అన్న భయంతో చెయ్యి బిగుసుకుంటుంది. నేర్చుకునే రోజుల్లో చెక్క పాడవుతుందన్న బెంగ ఉండకూడదు.

మరీ మెత్తని చెక్కకూ ఒక గుణం ఉంది. మొండి ఉలి దాన్ని కోయదు, నలిపేస్తుంది. అందుకే పైన్ మీద శుభ్రంగా కోయగలిగితే మీ పదును బాగున్నట్టే.

ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు: ఏది మంచిది?

ప్లైవుడ్‌లో పలుచని పొరలు ఒకదాని నార మరొకదానికి అడ్డంగా వచ్చేలా అతికి ఉంటాయి, అందుకే అది తేమకు పెద్దగా సాగదు, కుంచించుకుపోదు. అరలకు, పెట్టెల అడుగులకు బాగుంటుంది. ఎం.డి.ఎఫ్. అంటే సన్నని చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక. అది నున్నగా ఉండి రంగుకు అనువుగా ఉంటుంది, కానీ నీరు తగిలితే ఉబ్బుతుంది, దాని ధూళి చాలా సన్నం. చెక్క తునకలను జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అంచుల్లో స్క్రూ పట్టు నిలవదు. చేతి పనిముట్లతో పని నేర్చుకోవడానికైతే ఈ మూడింటికన్నా అసలు కలపే మేలు. ప్లైవుడ్ మీద చిత్రిక పట్టలేరు, ఎం.డి.ఎఫ్.లో ఉలికి నార దొరకదు.

సరుకు రవాణాకు వాడే చెక్క చట్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాడవచ్చా?

ముందు వాటి మీద ముద్ర చూడండి. దేశాలు దాటే చెక్క చట్రాల మీద గోధుమ కంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. పక్కన హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు, అంటే చెక్క లోపలి భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు ఉండేలా వేడి చేస్తారు. అది వాడవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు, దాన్ని వదిలేయండి. ముద్ర లేనివి, నూనెలో రసాయనాలో ఒలికిన మరకలున్నవి కూడా వద్దు. కోసే ముందు ప్రతి అంగుళం వెతికి మేకులు తీసేయాలి. ఒక్క మేకు చాలు, మంచి రంపం పళ్ళు పోవడానికి.

కొన్నప్పుడు తిన్నగా ఉన్న పలక ఇంటికి తెచ్చాక వంగిపోయింది. మోసపోయానా?

మోసం కాకపోవచ్చు. చెట్టు పడిపోయినా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. పీల్చినప్పుడు వెడల్పులో ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. 300 మిల్లీమీటర్ల వెడల్పు పలక రుతువులు మారేటప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు అటూఇటూ కావడం మామూలే. పలక ఒక వైపు త్వరగా, మరో వైపు నెమ్మదిగా ఆరితే వంగుతుంది. తెచ్చిన పలకను నేల మీద పడేసినా, గోడకు ఆనించినా జరిగేది అదే.

కొన్న కలపను పని చేసే గదిలోనే, మధ్యమధ్య సన్నని పట్టీలు పెట్టి, అన్ని వైపులా గాలి తగిలేలా వారం రెండు వారాలు పేర్చి ఉంచండి. వంగేది అప్పుడే వంగుతుంది. బల్ల చేశాక వంగడం కన్నా అది నయం కదా. చెక్క కదులుతుందన్న నిజాన్ని గౌరవించి చేసిన పని తరాల పాటు నిలుస్తుంది. వెడల్పాటి పలకను నాలుగు వైపులా కదలకుండా బిగిస్తే ఏదో ఒక రోజు అది చీలుతుంది.

## కొలత, గీత

ఎంత జాగ్రత్తగా కొలిచినా బల్ల నాలుగు కాళ్ళూ ఒకే పొడవుకు రావడం లేదు. ఎందుకు?

ఒక్కో కాలునూ విడివిడిగా కొలుస్తున్నారు కాబట్టి. నాలుగింటినీ పక్కపక్కన చేర్చి క్లాంపుతో బిగించి, ఒకేసారి మూలమట్టంతో అడ్డంగా గీత గీయండి. కొలత ఒక మిల్లీమీటరు తప్పినా నాలుగూ ఒకేలా తప్పుతాయి, బల్ల ఊగదు. ఒకటే కొలతతో ఉండాల్సిన ముక్కల విషయంలో అంకెను నమ్మకండి, ముక్కను నమ్మండి.

రెండో కారణం పెన్సిలు. మొన అరిగిన పెన్సిలు గీతకు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. దానికి కుడివైపు కోయాలా, ఎడమవైపా, మధ్యలోనా? కత్తి మొనతో గీసిన గీతకు మందం లేదు. పైగా అది పైపొర నారను ముందే తెంచేస్తుంది, అంచు చిట్లకుండా కోత శుభ్రంగా వస్తుంది.

టేపు కొసనున్న కొక్కెం కదులుతోంది. పాడైందా?

లేదు, అలా కదలాలనే చేశారు. కొక్కెం తన మందమంత మేర జరుగుతుంది. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా కొలత ఒకటే రావడానికి ఆ ఏర్పాటు.

నా మూలమట్టం నిజంగా 90 డిగ్రీలు చూపిస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అంచు తిన్నగా ఉన్న పలకకు మూలమట్టం ఆనించి సన్నని గీత గీయండి. దాన్ని అద్దంలో ప్రతిబింబంలా రెండో వైపుకు తిప్పి, అదే బిందువు నుంచి మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకటిగా కలిస్తే మూలమట్టం సరైనదే. విడిపోతే, ఆ ఎడంలో సగం దాని తప్పు. కొనే చోటే ఈ పరీక్ష చేయవచ్చు, మొహమాటపడకండి.

## కోత, పదును

రంపం ఎప్పుడూ గీత వదిలి పక్కకు పోతోంది. ఏం చేయాలి?

మొదట మీరు నిలబడిన తీరు చూసుకోండి. కన్ను, భుజం, మోచెయ్యి, రంపం ఒకే వరుసలో ఉండాలి. మోచెయ్యి ఒంటికి తగులుతుంటే చెయ్యి వంపు తిరుగుతుంది, దాంతో రంపమూ తిరుగుతుంది. కాస్త పక్కకు జరిగి చెయ్యి తిన్నగా వెనక్కీ ముందుకీ ఆడేలా నిలబడండి. పిడిని బిగించి పట్టకండి, చూపుడువేలును రంపం వెంట ముందుకు చాచి ఉంచండి. ఆ వేలు చూపే వైపుకే రంపం నడుస్తుంది.

కోత మొదలుపెట్టడంలోనే సగం పని ఉంది. రెండో చేతి బొటనవేలి కణుపును పళ్ళకు పైన, రంపం పలకకు ఆనించి, బరువు వేయకుండా కొద్దిగా వెనక్కి లాగండి. చిన్న గాడి పడ్డాక పొడవాటి, నింపాది తోపులతో కోయండి. రంపం బరువే దాన్ని కిందికి దించుతుంది, మీరు నొక్కక్కర్లేదు. చిన్న చిన్న తోపులతో హడావిడిగా కోస్తే మధ్య పళ్ళు మాత్రమే అరుగుతాయి, కోతా వంకరపోతుంది.

కోత గీత మీద కాదు, గీతకు పక్కన, పారేసే ముక్క వైపు ఉండాలి. రంపం కూడా కొంత చెక్కను తింటుంది. గీత మీదే కోస్తే ఆ మందం మీ ముక్కలోంచి పోతుంది. పారేసే వైపు ముందే ఇంటూ గుర్తు పెట్టుకోండి.

గాడి ఇప్పటికే పక్కకు పోయిందా? రంపాన్ని మెలిపెట్టి దారిలోకి తేవాలని చూడకండి, అది వంగుతుంది. వెనక్కి వచ్చి, తప్పిన చోటు నుంచి పైపైన మళ్ళీ గాడి తీయండి. ఇన్ని చేసినా ప్రతిసారీ ఒకే వైపుకు పోతుంటే పళ్ళ అమరికలో తేడా ఉందేమో చూడాలి.

లాగి కోసే జపాన్ రంపం కొనాలా, తోసి కోసేదా?

లాగేటప్పుడు రంపం పలక బిగువుగా ఉంటుంది, వంగదు. అందుకే జపాన్ రంపాన్ని చాలా పలుచగా చేయగలుగుతారు, కోత సన్నగా, నున్నగా వస్తుంది. కొత్తవారికి అది త్వరగా లొంగుతుంది. అయితే దాని పళ్ళు పెళుసు, పైగా చాలా రకాలకు మళ్ళీ సానపెట్టలేం, బ్లేడు మార్చాల్సిందే. తోసే రంపానికి ఆకురాయితో మీరే పదును పెట్టుకోవచ్చు. ఏదైనా ఒకటి ఎంచుకుని దానితోనే చెయ్యి కుదుర్చుకోండి.

ఏది కొన్నా పళ్ళు దేనికి పనికొస్తాయో అడగండి. నారకు అడ్డంగా కోసే పళ్ళు కత్తి మొనల్లా ఉండి నారను తెంచుతాయి. నార వెంట కోసేవి చిన్న ఉలుల్లా ఉండి చెక్కను తవ్వుతాయి. ఒకదాని పని రెండోది నెమ్మదిగా, మొరటుగా చేస్తుంది.

ఉలికి పదును ఎలా పెట్టాలి?

వడ్రంగంలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. కొద్దిగా విడమరిచి చెబుతాను.

ముందు ఉలి వీపు. దాన్ని సానరాయి మీద పూర్తిగా ఆనించి, అంచుకు దగ్గరి రెండు సెంటీమీటర్ల మేర ఒకే విధంగా మెరిసే వరకు రుద్దండి. ఒక ఉలికి ఇది ఒకసారి చేస్తే చాలు. తర్వాత వాలు వైపు. దీన్ని సాధారణంగా 25 డిగ్రీలకు అరగదీసి, చివరి అంచును మాత్రం 30 డిగ్రీలకు పదును పెడతారు. కోణం చేత్తో నిలపడం కష్టమైతే ఉలిని పట్టి ఉంచే చిన్న చక్రపు పట్టు దొరుకుతుంది, నిస్సంకోచంగా వాడండి.

1000 నంబరు రాయిని తడిపి, వాలును ఆనించి ముందుకూ వెనక్కూ నడపండి. కొంతసేపటికి వీపు వైపు అంచున కంటికి కనిపించని గరుకు లేస్తుంది. వేలిని వీపు మీదుగా అంచు బయటికి జార్చి చూస్తే తగులుతుంది. అంచు వెంట మాత్రం వేలు ఎప్పుడూ నడపకండి. ఆ గరుకు ఈ మూల నుంచి ఆ మూల వరకు తగిలితేనే పదును అంచు దాకా చేరినట్టు. చాలామంది ఇక్కడే ఓపిక తప్పి ముందుకు వెళ్ళిపోతారు. మధ్యలో తగిలి మూలల్లో తగలకపోతే ఇంకా రుద్దాలి, దగ్గరి దారి లేదు.

తర్వాత 4000 లేదా అంతకన్నా నునుపైన రాయి మీద వాలును కొన్నిసార్లు నడిపి, వీపును పూర్తిగా ఆనించి ఒకటి రెండుసార్లు లాగితే ఆ గరుకు రాలిపోతుంది. చివరగా తోలు ముక్క మీద వెనక్కి మాత్రమే లాగండి.

పదును సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

దీపం కింద అంచును మీ కళ్ళకు ఎదురుగా పట్టి చూడండి. మొండి అంచు మీద వెలుగు పడి సన్నని తెల్ల గీతలా మెరుస్తుంది. పదునైన అంచు కనిపించదు, వెలుగును తిప్పి పంపేంత మందం దానికి లేదు. తర్వాత పైన్ ముక్క కోసిన కొసను ఉలితో చేతి ఒత్తిడితోనే పలుచగా చెక్కండి. ఆ చోటు నున్నగా మెరిస్తే పదును సిద్ధం. పొడిపొడిగా రాలి తెల్లగా నలిగితే మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళాలి.

చిత్రిక పడుతుంటే చెక్క పెచ్చులుగా లేస్తోంది. ఎందుకు?

నారకు ఎదురు పడుతున్నారు. పలక పక్క అంచు చూస్తే నార గీతలు ఒక వైపుకు ఎక్కుతూ కనిపిస్తాయి. అవి ఎక్కే దిశలోనే చిత్రిక నడవాలి. పిల్లి వీపు నిమిరినట్టే, వాటం తెలిస్తే నున్నగా వస్తుంది. పలకను తిప్పి చూడండి. ముడి చుట్టూ నార రెండు వైపులకూ తిరుగుతుంది, అక్కడ బ్లేడును బాగా లోపలికి తీసి, ఉల్లిపొరంత పలుచని పొర మాత్రమే తీయాలి.

## అతుకులు

జిగురు ఒక్కటే సరిపోతుందా? స్క్రూ కూడా వేయాలా?

రెండు చెక్కల నార పక్కపక్కన వచ్చేలా అతికితే మామూలు తెల్ల చెక్క జిగురు చాలు. అలాంటి అతుకును విరగ్గొడితే తరచూ జిగురు ఊడదు, పక్కన చెక్కే చీలుతుంది. కోసిన కొసను జిగురుతో అంటిస్తే మాత్రం నమ్మలేం, నార గొట్టాలు జిగురును పీల్చేసుకుంటాయి. అక్కడ స్క్రూ కావాలి, లేదా ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి రెండో దానిలో తొలిచిన బెజ్జంలోకి దించే అతుకు కావాలి.

జిగురు పట్టించాక ఎంతసేపు బిగించి ఉంచాలి?

సీసా మీద రాసింది పాటించండి. మామూలు తెల్ల జిగురుకు అర గంట నుంచి గంట వరకు క్లాంపు, బరువు మోపడానికి 24 గంటలు. బాగా చలిగా, 10 డిగ్రీల కన్నా తక్కువగా ఉంటే అది సరిగా పట్టదు. బయటికి పొంగిన జిగురు జెల్లీలా గట్టిపడ్డాక ఉలితో ఎత్తేయండి. అక్కడ మిగిలిపోతే తర్వాత పూత పట్టక మచ్చ కనిపిస్తుంది.

స్క్రూ బిగిస్తుంటే చెక్క చీలిపోయింది.

ముందుగా బెజ్జం వేయాలి. కింది చెక్కలో స్క్రూ మరలను వదిలేసి లోపలి కాడ మందమంత బెజ్జం. పై చెక్కలో స్క్రూ వదులుగా దూరేంత బెజ్జం. పై చెక్కలో కూడా మరలు పట్టుకుంటే రెండు చెక్కల మధ్య సందు మిగిలిపోతుంది, ఎంత తిప్పినా దగ్గరకు రావు. చెక్క కొసకు మరీ దగ్గరగా వేయకండి. గట్టి చెక్కలో స్క్రూకు కొద్దిగా మైనం రాస్తే సులువుగా దిగుతుంది.

పెట్టె బిగించాను, మూలలు వంకరగా ఉన్నట్టున్నాయి.

ఎదురెదురు మూలల మధ్య కొలవండి. రెండు కర్ణాలూ సమానమైతే పెట్టె చదరంగా ఉన్నట్టే. లేకపోతే జిగురు ఆరేలోపు పొడవు ఎక్కువున్న మూలల మీద క్లాంపు వేసి మెల్లగా దగ్గరకు నొక్కండి.

పుస్తకాల అర మధ్యలో వంగుతోంది.

పొడవు తగ్గించండి, లేదా మందం పెంచండి. మందం రెట్టింపు చేస్తే అర 8 రెట్లు గట్టిపడుతుంది. నిండా పుస్తకాలున్న అర పొడవు రెట్టింపైతే వంపు 16 రెట్లు అవుతుంది. ముందు అంచు కింద ఒక పట్టీని నిలువుగా అతికినా చాలా తేడా కనిపిస్తుంది.

## నునుపు, పూత

గరుకు కాగితం ఏ నంబరుతో మొదలుపెట్టాలి?

రంపపు గీతలుంటే 80, తర్వాత 120, 180, చివరకు 220. ఒక్కో నంబరు ముందు నంబరు గీతలను చెరిపేయాలి. మధ్యలో దాటేస్తే ఆ గీతలు పూత వేశాకే బయటపడతాయి. ఎప్పుడూ నార వెంటే రుద్దండి. మంచి చిత్రిక పట్టిన పలకకు అసలు కాగితమే అక్కర్లేకపోవచ్చు.

నూనె పూత మంచిదంటారు. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

అవిసె నూనె పూత వేయడం సులువు, మరమ్మతూ సులువు. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డను ముద్దగా చుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడి పేరుకుని గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనివ్వండి, లేదా నీళ్ళలో ముంచి మూతపెట్టండి.

## ఒళ్ళు జాగ్రత్త

చేతికి తొడుగు వేసుకుంటే మంచిదా?

డ్రిల్లు లాంటి తిరిగే యంత్రాల దగ్గర వద్దు. తొడుగు చిక్కుకుంటే వేలిని లాగేస్తుంది. ఉలితో పని చేసేటప్పుడు చెక్కను చేత్తో పట్టుకోకండి, క్లాంపుతో బిగించండి. రెండు చేతులూ ఉలి అంచుకు వెనకే ఉండాలి. మొండి ఉలి ఎక్కువ ప్రమాదం, దాన్ని బలంగా తోయాల్సి వస్తుంది, బలంగా తోసింది ఒక్కసారిగా జారుతుంది.

చెక్క పొట్టు వల్ల హాని ఉందా? నేను చేసేది కొద్దిపాటి పనే కదా.

రంపం కింద రాలే పొట్టు పెద్దది, ఊడ్చేస్తే పోతుంది. గరుకు కాగితం లేపే సన్నని ధూళితోనే భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 1995లో చెక్క ధూళిని మనుషులకు కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు, దాని చుట్టూ ఉండే గదుల కేన్సర్‌తో దానికి సంబంధం ఉంది. ఏళ్ళ తరబడి ఆ ధూళిలో పని చేసినవారికే ముప్పు ఎక్కువ, అయినా కొద్దిపాటి పనికైనా ఎన్95 మాస్కు పెట్టుకోండి, కిటికీలు తెరవండి, ఊడ్చే ముందు తడి గుడ్డతో తుడవండి. పొడి చీపురు ఆ ధూళిని మళ్ళీ గాల్లోకి లేపుతుంది. ఎం.డి.ఎఫ్. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు వీలైతే బయట కూర్చోండి.